గాలిలో లేచిన చక్రం: ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్ల పుట్టుపూర్వోత్తరాలు

ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే మోటారు బండిని ఏ కంపెనీ తయారు చేసినా తెలుగునాట చాలాకాలం పాటు జీపు అనే పిలిచారు. దారి లేనిచోట ఏ జీపు మేలన్న వాదం వచ్చినప్పుడల్లా మాట ఇంజను ఎన్ని గుర్రాల బలానిది, టైరు ఎంత వెడల్పుది అన్నవాటి చుట్టూనే తిరుగుతుంది. అయితే ఈ బండ్ల చరిత్రను మొదటి నుంచి చూస్తే, తయారీదారులందరినీ తొంభై ఏళ్లకు పైగా వేధించిన చిక్కు వేరొకటి ఉన్నదని తెలుస్తుంది. ఒక చక్రం నేల విడిచి గాలిలో లేచినప్పుడో, బురదలో పట్టు కోల్పోయి ఊరికే తిరుగుతున్నప్పుడో, నేల మీద నిలిచి ఉన్న చక్రానికి బలాన్ని చేర్చడం ఎట్లా అన్నదే ఆ చిక్కు. ఒక్కో కంపెనీ దానికి చెప్పిన జవాబే ఆ బండి శక్తికీ, పరిమితికీ మూలమైంది.

ఎడ్లబండికి ఈ బాధ లేదు. దాని ఇరుసు కదలదు, చక్రాలు రెండూ ఇరుసు కొనలకు సీలలతో నిలిచి దేని పాటికి అది తిరుగుతాయి, లాగే పని ఎడ్లది. మోటారు బండిలో లాగవలసినది చక్రమే కనుక రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించి ఇంజనుతో తిప్పితే, మలుపులో బయటివైపు చక్రం ఎక్కువ దూరం, లోపలివైపు చక్రం తక్కువ దూరం నడవవలసి వచ్చి రెంటిలో ఒకటి నేల మీద ఈడ్చుకుపోతుంది. ఈ ఇబ్బంది తొలగించడానికి ఫ్రాన్సుకు చెందిన ఒనెసిఫోర్ పెక్యూర్ 1820 దశకం చివర తన ఆవిరి బండి కోసం రూపొందించిన పళ్లచక్రాల అమరికనే నేడు డిఫరెన్షియల్ అంటున్నారు. అది రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తూనే రెంటికీ సమానమైన తిప్పుడు బలాన్ని పంచుతుంది. రోడ్డు మీద ఈ సమానత్వం వరమే గాని బురదలో శాపం. ఒకవైపు చక్రం జారుడు నేల మీద ఉంటే దాన్ని తిప్పడానికి పిసరంత బలం చాలు, సమానంగా పంచడమే డిఫరెన్షియల్ ధర్మం కాబట్టి గట్టి నేల మీదున్న రెండో చక్రానికి కూడా ఆ పిసరంతే అందుతుంది. ఫలితంగా జారే చక్రం గిర్రున తిరుగుతుంటే పట్టున్న చక్రం కదలకుండా నిలిచిపోతుంది.

నాలుగు చక్రాలకూ బలం ఇస్తే ఈ చిక్కు తీరుతుందన్న ఆలోచన మోటారు బండి అంత పాతది. నెదర్లాండ్స్‌లో స్పైకర్ సోదరుల కంపెనీ 1903లో పందేల కోసం ఆరు సిలిండర్ల ఇంజనుతో నాలుగు చక్రాల చోదనం ఉన్న కారును చేసింది. అయితే ముందు చక్రాలు బలం అందుకుంటూనే పక్కకు కూడా తిరగాలి గనుక, వంగిన స్థితిలోనూ తిప్పుడు బలాన్ని మోయగల కీలు అవసరమైంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో క్లింటన్‌విల్ అనే చిన్న పట్టణంలో ఒట్టో జాకో, విలియం బెసర్డిక్ అనే యంత్రకారులు 1908 నాటికి ఇటువంటి కీలుకు పేటెంటు పొందారు. దాని ఆధారంగా పుట్టిన కంపెనీ లారీలు వేల సంఖ్యలో మొదటి ప్రపంచ యుద్ధంలో సేనలకు సరుకులు మోశాయి. అవి బరువైనవి, నెమ్మదైనవి. బాగా తేలికైన బండికి ఇదే సూత్రం పట్టాలంటే మరో యుద్ధం రావలసి వచ్చింది.

1940 వేసవిలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు ఒక ప్రకటన పంపింది. అది కోరిన బండి 1300 పౌండ్లు, అంటే దాదాపు 590 కిలోల బరువు మించరాదు, నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరగాలి, మొదటి నమూనా 49 రోజుల్లో సిద్ధం కావాలి. పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణంలో దివాలా అంచున ఉన్న అమెరికన్ బాంటమ్ కంపెనీ కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరును పిలిపించి కొద్ది రోజుల్లోనే నక్షాలు గీయించింది. సెప్టెంబరు 23న గడువుకు అరగంట ముందు నమూనాను బాల్టిమోర్ దగ్గరి హోలాబర్డ్ సైనిక శిబిరంలో అప్పగించింది. బరువు నిబంధన మాత్రం నెరవేరలేదు, ఆ షరతుకు లోబడి గట్టి బండి చేయడం ఎవరికీ సాధ్యం కాదని సైన్యమే తర్వాత ఒప్పుకుంది. బాంటమ్ నక్షాలను సైన్యం విల్లీస్-ఓవర్‌లాండ్, ఫోర్డ్ కంపెనీలకు చూపించింది. తన ఇంజనీరు బార్నీ రూస్ తీర్చిదిద్దిన 60 గుర్రాల ఇంజను బలంతో విల్లీస్ ముందుకు వచ్చింది, యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. మొదటి బండిని కన్న బాంటమ్‌కు దక్కినవి మూడు వేల లోపే.

జీపు సామర్థ్యమంతా ట్రాన్స్‌ఫర్ కేస్ అనే పెట్టెలో ఉంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు చీల్చి పంపే ఈ పెట్టెలో రెండు నిష్పత్తులు ఉంటాయి, ఒకటి మామూలు ప్రయాణానికి, రెండోది బండిని నత్తనడకన నడుపుతూ బలాన్ని పెంచేందుకు. విల్లీస్ జీపులో ఈ లో గేరు నిష్పత్తి 1.97, మొదటి గేరు 2.665, ఇరుసు నిష్పత్తి 4.88, మూడింటినీ హెచ్చిస్తే ఇంజను బలం చక్రం దగ్గరికి చేరేసరికి దాదాపు 25 రెట్లు అవుతుంది. అంత చిన్న ఇంజను అంత నిట్టనిలువు గట్టు ఎక్కడానికి కారణం గుర్రాల లెక్క కాదు, ఈ హెచ్చవేత. అయితే జీపులో ట్రాన్స్‌ఫర్ కేస్‌కు డిఫరెన్షియల్ లేదు, నాలుగు చక్రాల చోదనం వేసినప్పుడు ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకే వేగంతో తిరిగేటట్టు ముడిపడిపోతాయి. గట్టి రోడ్డు మలుపులో ముందు ఇరుసు ఎక్కువ దూరం నడవాలి కనుక ఈ ముడి బిగుసుకుపోయి యంత్రాన్ని ఒత్తిడికి గురిచేస్తుంది. అందుకే అటువంటి బండిలో నాలుగు చక్రాల చోదనాన్ని బురద, ఇసుక, రాతి నేలల మీదే వాడతారు. ఇక ఒక్కో ఇరుసులోని డిఫరెన్షియల్ మాత్రం పెక్యూర్ కాలం నాటి స్వభావంతోనే ఉండిపోయింది కాబట్టి, ముందు ఒక చక్రం, వెనుక ఒక చక్రం ఏకకాలంలో పట్టు కోల్పోతే ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆ జీపు కదలలేక నిలబడేది. ఆ కోణంలో చూస్తే నాలుగు చక్రాల చోదనం అన్న పేరే కొంత అతిశయోక్తి, ఆచరణలో అది ఇరుసుకొక చక్రం చోదనమే.

యుద్ధానంతరం బ్రిటన్‌లో రోవర్ కంపెనీ చీఫ్ ఇంజనీరు మారిస్ విల్క్స్ వేల్స్‌లోని ఆంగ్లసీ దీవిలో తన పొలం పనులకు సైన్యం అమ్మేసిన జీపును వాడుకునేవాడు. దానికి ప్రత్యామ్నాయం కావలసి 1947లో జీపు ఛాసీ మీదే మొదటి నమూనాను కట్టాడు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో లోకానికి కనిపించిన ల్యాండ్ రోవర్ చక్రాల నడుమ దూరం జీపుదే, 80 అంగుళాలు. ఉక్కుకు రేషన్ ఉన్న రోజులు కావడంతో పై తొడుగును బర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రమలోహంతో చేశారు, దానివల్ల ఆ తొడుగుకు తుప్పు పట్టని గుణం వచ్చింది. రైతుకు ట్రాక్టరుగానూ ఉపయోగపడాలన్నది అసలు ఉద్దేశం కనుక ఇంజను బలాన్ని బయటి యంత్రాలకు తిప్పి ఇచ్చే ఏర్పాటు కూడా ఉండేది. పుట్టుకలో ల్యాండ్ రోవర్‌ను యుద్ధవాహనం కన్నా పొలం బండి అనడమే న్యాయం.

జపాన్ కథ ఇందుకు భిన్నం. కొరియా యుద్ధం మొదలైన 1950లో జపాన్ పోలీసు దళానికి అటువంటి బండ్లు కావలసి వచ్చాయి. 1951లో టయోటా తన లారీల 3.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనుతో బీజే అనే బండిని తెచ్చి, ఫూజీ పర్వతం ఆరో మజిలీ దాకా ఎక్కించి చూపింది. ఇంజను బలం ఎక్కువ గనుక లో గేరు అవసరం లేదని భావించి ట్రాన్స్‌ఫర్ కేస్‌లో దాన్ని పెట్టలేదు. జీపు హెచ్చవేతతో సాధించినదాన్ని టయోటా రాశితో సాధించిందన్నమాట. కాంట్రాక్టు మాత్రం విల్లీస్ లైసెన్సు ఉన్న మిత్సుబిషికి పోయింది. జీపు అన్న పేరు విల్లీస్ సొత్తు కావడంతో, టయోటా ఇంజనీరు హంజీ ఉమెహర సూచనపై 1954లో ఆ బండి ల్యాండ్ క్రూజర్ అయింది. అదే 1951లో నిస్సాన్ తెచ్చిన పాట్రోల్ అనే బండి వంశం మనకు మరింత దగ్గరిది; దాని 60 సిరీస్‌ను జబల్‌పూర్‌లోని సైనిక వాహనాల కర్మాగారం 1969 నుంచి మూడు దశాబ్దాల పాటు జోంగా పేరుతో తయారు చేసింది.

గాలిలో లేచిన చక్రానికి ఒక గట్టి జవాబు 1970లో వచ్చింది. అంతకుముందు ఈ బండ్లలో చాలావరకు కమాన్ పట్టీల మీద నిలిచేవి. పట్టీలు బరువు మోస్తాయి గాని అంతగా సాగవు గనుక గుంటలో దిగవలసిన చక్రం దిగక గాలిలోనే వేలాడేది. రోవర్ ఇంజనీరు స్పెన్ కింగ్ నాయకత్వంలో రూపొందిన రేంజ్ రోవర్‌లో పట్టీల బదులు పొడవైన చుట్ట స్ప్రింగులు వచ్చాయి, గుంటలోకి చక్రం దిగిపోయి నేలను తాకసాగింది. ఎప్పుడూ నాలుగు చక్రాల చోదనమే ఉండేటట్టు ట్రాన్స్‌ఫర్ కేస్‌లో మూడో డిఫరెన్షియల్ పెట్టి, అవసరమైనప్పుడు దాన్ని బిగించే ఏర్పాటు చేశారు. చక్రం లేవకుండా చూడటం రేంజ్ రోవర్ మార్గమైతే, లేచినా ఫర్వాలేదన్నది మెర్సిడెస్ మార్గం. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో 1979 నుంచి తయారైన జీ-వాగన్‌లో డ్రైవరు కోరితే ముందు, వెనుక ఇరుసుల డిఫరెన్షియళ్లకు తాళం పడుతుంది, అప్పుడు రెండు వైపుల చక్రాలూ ఒకే వేగంతో తిరిగి తీరాలి కాబట్టి పట్టున్న ఒక్క చక్రమైనా బండిని ఈడ్చుకుపోతుంది. మలుపు తిప్పడం కష్టమవుతుంది, అజాగ్రత్తగా వాడితే ఇరుసు విరుగుతుంది, అయినా దీన్ని మించిన ఉపాయం యాంత్రికంగా లేదు. జీపు వంశం ఈ మాట ఒప్పుకోవడానికి 2003 దాకా పట్టింది. కాలిఫోర్నియాలోని కొండదారి పేరు పెట్టుకున్న రాంగ్లర్ రూబికాన్‌కు కంపెనీయే రెండు తాళాలూ, 4 నిష్పత్తి గల లో గేరూ ఇచ్చింది. మూడో మార్గం ఎలక్ట్రానిక్స్‌ది. ఊరికే తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేస్తే, దాన్ని తిప్పడానికి బలం ఎక్కువ కావలసి, సమానంగా పంచే డిఫరెన్షియల్ రెండో చక్రానికి కూడా అంతే ఇస్తుంది. చవకైన ఉపాయమే గాని బ్రేకులు వేడెక్కుతాయి, పైగా చక్రం కొంత తిరిగిన తర్వాతే పని మొదలవుతుంది.

భారతదేశంలో నేటి పోటీ అంతా ఈ మూడు మార్గాల మధ్యనే. 1947లో విల్లీస్ జీపుల వ్యాపారం చేపట్టి, ఆపై వాటిని ముంబైలో బిగించిన మహీంద్రా సంస్థ, ఆ పరంపరను థార్ దాకా తెచ్చింది. విశాఖ మన్యంలో బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి యాత్రికులను చేరవేసేవి ఈ కోవ జీపులే. సుజుకి 1970లో 360 సీసీ ఇంజనుతో మొదలుపెట్టిన చిన్న బండి పెరిగి పెద్దదై 1985లో మారుతీ జిప్సీగా ఇక్కడికి వచ్చింది, మన సైన్యానికి చిరకాలం సేవ చేసింది, 2023లో జిమ్నీగా తిరిగొచ్చింది. ఫోర్స్ కంపెనీ గూర్ఖా మూడోది. గూర్ఖాలో రెండు ఇరుసులకూ డ్రైవరు వేసే తాళాలున్నాయి. థార్ వెనుక ఇరుసులోని తాళం రెండు చక్రాల వేగాల్లో తేడా పెరిగినప్పుడు తనంతట తానే పడుతుంది. జిమ్నీ బ్రేకుల మీద ఆధారపడుతుంది. అయితే జిమ్నీకి ముందూ వెనుకా ఒకే కడ్డీలాంటి గట్టి ఇరుసులు. ఒక చక్రం రాయి ఎక్కితే రెండోది కిందికి ఒత్తుకుంటుంది, ఇరుసు నడుమ గుండు కూడా పైకి లేస్తుంది. థార్, గూర్ఖాలకు ముందువైపు చక్రాలు వేటికవే కదులుతాయి, అందువల్ల రోడ్డు మీద సుఖం, రాళ్ల మీద కొంత నష్టం.

కోణాలూ అంతే ముఖ్యం. ఎదురుగా ఉన్న గట్టును బంపరు తాకకుండా ఎక్కగల వాలును ఎదుటి కోణమనీ, దిగేటప్పుడు తోక తాకని వాలును వెనుక కోణమనీ, కాలువ గట్టు దాటుతున్నప్పుడు బండి బొడ్డు తాకి కూర్చోకుండా ఉండగల హద్దును నడుమ కోణమనీ చెప్పుకోవచ్చు. థార్‌కు ఎదుటి కోణం 41.8 డిగ్రీలు, గూర్ఖాకు 39, జిమ్నీకి 36. వెనుక కోణంలో వరస తిరగబడి జిమ్నీ 46తో అందరినీ మించుతుంది. నడుమ కోణం గూర్ఖాకు 28, థార్‌కు 27, జిమ్నీకి 24. విదేశాల్లో అమ్మే మూడు తలుపుల జిమ్నీకీ 28 డిగ్రీలే, కాని మన కుటుంబాల కోసం అయిదు తలుపులు పెట్టడంతో చక్రాల నడుమ దూరం 2250 నుంచి 2590 మిల్లీమీటర్లకు పెరిగి నాలుగు డిగ్రీలు పోయాయి. నీటి లోతులో గూర్ఖా 700 మిల్లీమీటర్లు, థార్ 650 అంటున్నాయి.

ఈ అంకెలన్నిటినీ తలకిందులు చేసేది నేల స్వభావం. రాతి కొండ మీద తాళాలున్న గూర్ఖా ముందుంటుంది గాని, ఇసుకలోనో, వాన పడ్డ నల్లరేగడిలోనో మొదటి ప్రశ్న చక్రం ఎంత లోతుకు దిగబడుతుందన్నది. థార్ కన్నా దాదాపు అర టన్ను తేలికైన జిమ్నీ అక్కడ ఆధునిక తాళాలేవీ లేకుండానే మెరుగు. పైగా రేగడి మన్ను టైరు గాళ్లలో నిండి నున్నటి పూత అయిపోతే నాలుగు చక్రాలూ ఒకేసారి జారతాయి, అప్పుడు ఏ తాళమూ ఆదుకోదు.

డిఫరెన్షియల్ చిక్కును మొదలంటా తీసేసిన బండి 2024లో వచ్చింది. విద్యుత్తుతో నడిచే మెర్సిడెస్ జీ-వాగన్‌లో చక్రానికొక మోటారు, ప్రతి మోటారుకూ సొంత లో గేరు, ఒక చక్రం గాలిలో ఉందా నేల మీద ఉందా అన్నదానితో తక్కినవాటికి సంబంధం లేదు. దాని బరువు మాత్రం మూడు టన్నులు దాటింది, 1940లో అమెరికా సైన్యం బాంటమ్‌ను అడిగిన బండికి అయిదు రెట్లు.