రీఫిట్

విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో మామూలుగా వినిపించే మాట ఇది. ఓడనో జలాంతర్గామినో విప్పి, అరిగినవి తీసి, కొత్త యంత్రాలు బిగిస్తే అది రీఫిట్. ‘ఫిట్’ అంటే అమర్చడం, ‘రీ’ అంటే మళ్లీ. నావికుల ఈ మాట 1979లో ‘స్టార్ ట్రెక్: ద మోషన్ పిక్చర్’ సినిమాతో అంతరిక్షానికెక్కింది. కథలో, పాత టీవీ సీరియల్ నాటి అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్‌కు 18 నెలల రీఫిట్ జరుగుతుంది. బయట మాత్రం పెద్ద తెర కోసం కొత్త నమూనానే కట్టారు. గుండ్రటి గొట్టాల్లాంటి ఇంజన్లు పలకబారాయి. నౌక ముందు భాగంలో రాగిరంగు పళ్లెం పోయి నీలికాంతి వచ్చింది. నా కంటికి అన్నిటికన్నా అందమైన మార్పు ఇంజన్లను మోసే కాళ్లది: సన్నగా, తిన్నగా ఉన్నవి వెడల్పై, రెక్కల్లా వెనక్కి వాలాయి. నౌకకు వేగం అక్కడే వచ్చింది. మోడల్ కట్టేవారు కిట్ కొనేముందు పెట్టె మీది బొమ్మలో ఆ కాళ్లు చూడండి. తిన్నగా ఉంటే పాతది, వాలితే రీఫిట్.