మాంత్రికుడి కొండలో ఏడో అంకె

మాయలఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని విన్న పిల్లలకు ఏడంటే అందనంత దూరం. గ్రిమ్ సోదరుల కథల్లోనూ మరుగుజ్జులు ఏడుగురే. పాచికలు రెండు చేతికిచ్చామా, ఆ వైభవమంతా పోతుంది. అవి 36 రకాలుగా పడితే అందులో ఆరు సార్లు మొత్తం ఏడే. అంత తరచుగా పడేది మరొకటి లేదు.

కథల అంకెలూ పాచికల అంకెలూ 1982లో పఫిన్ ప్రచురణ సంస్థ వేసిన ఒక పుస్తకంలో ఎదురుపడ్డాయి. పేరు 'ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్'. రాసింది స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్. 1974లో అమెరికాలో పుట్టిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'ను బ్రిటన్‌కు తెచ్చి అమ్మినవాళ్లు వీళ్లే. ఆ ఆటకు జట్టు కావాలి, కథ నడిపే మనిషి కావాలి. ఈ పుస్తకానికి రెండు పాచికలు, పెన్సిల్, రబ్బరు ఉంటే చాలు. అంకెలు వేసిన 400 పేరాలు. ఎటు వెళ్లాలో చదివేవాడే తేల్చుకోవాలి.

కథ మనకు తెలిసిన బాపతే. కొండ లోపల మాంత్రికుడు, అతని నిధిపెట్టె, దానికి మూడు తాళాలు. దారిలో దొరికే తాళంచెవుల మీద అంకెలుంటాయి. సరైన మూడింటినీ కూడి, ఆ మొత్తం ఎంతో ఆ పేరాకు వెళ్లాలి. జానపద కథలోని మూడును కూడికల లెక్కగా మార్చడం ముచ్చటైన పనే.

అసలు తమాషా అదృష్టం దగ్గరుంది. ఆట మొదట్లో ఒక పాచిక వేసి, పడినదానికి ఆరు కలుపుకోవాలి; అదే ఆటగాడి అదృష్టం. అంటే ఎంత దురదృష్టవంతుడికైనా ఏడు ఖాయం. ఆపద వచ్చినప్పుడు రెండు పాచికలు వేస్తే, మొత్తం ఆ అంకెను మించకూడదు. గెలిచినా ఓడినా, పరీక్షించిన ప్రతిసారీ అదృష్టంలో ఒకటి తగ్గుతుంది.

ఏడుతో బయల్దేరినవాణ్నే చూడండి. మొదటిసారి 36లో 21 అవకాశాలు అతనివైపున్నాయి. రెండోసారికి 15. మూడోసారికి పదే. చిన్న కొడుకు మూడో ప్రయత్నంలో రాకుమారిని గెలుచుకునే కథలకు ఇది పూర్తిగా అడ్డం తిరిగిన లెక్క. అందుకే కత్తియుద్ధంలో దెబ్బ పెంచుకోవడానికి అదృష్టాన్ని వాడుకోవచ్చని నియమం ఉన్నా, చిల్లర శత్రువుల మీద దాన్ని ఖర్చు చేయడం తెలివితక్కువ పని.

రచయితలకు ఇది తెలియకేం! బయల్దేరేటప్పుడు మూడు రకాల మందుల్లో ఒకటి ఎంచుకోమంటారు. వాటిలో అదృష్టపు మందు తాగితే మొదటి అంకె తిరిగి రావడమే కాదు, దానికి ఇంకొకటి కలుస్తుంది. సీసాలో రెండు మోతాదులే ఉంటాయి.