ఆనందగజపతిరాజు - ఆంగ్లేయులతోడి ఒడంబడికలు

ఆత్రేయపురము గోదావరి డెల్టా శిరోభాగమున నున్నది. ఆ చేరువనే గోదావరి గౌతమి, వాసిష్ఠ యను రెండు ప్రధానశాఖలుగా చీలి సముద్రాభిముఖమై సాగును. ఎగువను రాజమహేంద్రవరము, దిగువను, శాఖల కొనలయందు, యానాము, ఇంజరము, బండమూర్లంక, మాదపాలెము, నరసాపురము మున్నగు వర్తకస్థానములు. 18వ శతాబ్దమున ఎగువ పట్టణము చేజిక్కినవానికి భూమి శిస్తు లభించెడిది. దిగువ రేవులు చేజిక్కినవానికి సముద్రమార్గము స్వాధీనమయ్యెడిది. ఈ భేదమును మనసునం దుంచుకొని విజయనగర ప్రభువగు ఆనందగజపతిరాజు చరిత్రమును పరిశీలింపవలెనని మా యభిప్రాయము.

1753లో సలాబతుజంగు కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులను ఫ్రెంచివారి కొసగెను. ఈ సర్కారులయందు బుస్సీకి పూసపాటి విజయరామరాజు ప్రధానసహాయుడయ్యెను. 1757 జనవరి 24న బొబ్బిలికోట కూలినది. కొలదిదినములకే విజయరామరాజు తాండ్ర పాపారాయని చేతిలో హతుడయ్యెను. అతని వెనుక సంస్థానమునకు వచ్చినవాడు ఆనందరాజు. బుస్సీ చేసిన ఏర్పాటు లితనికి తృప్తి కలిగింపలేదు. అదే సంవత్సరమున బుస్సీ విశాఖపట్టణమును, గోదావరీముఖములయందలి ఆంగ్లేయుల వర్తకశాలలను పట్టుకొనెను. కాని 1758లో లాలీ బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొనగా సర్కారులయందు ఫ్రెంచివారి బలము సన్నగిల్లెను. ఆనందరాజు ఈ యదను కనిపెట్టెను. సెప్టెంబరులో విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి కైవసము చేసికొని, ఆంగ్లేయుల సాయము కోరెను. చెన్నపట్టణమువారు తమ కష్టములలో తామున్నందున సాయపడలేకపోయిరి. కలకత్తానుండి క్లైవు కర్నలు ఫోర్డును సేనతో నంపెను.

పిమ్మట జరిగిన ఒడంబడిక మిక్కిలి గమనింపదగినది. జయించిన దేశమంతయు రాజునకు చెందవలెను. శిస్తు లతడే వసూలు చేసికొనవలెను. రేవులును, నదీముఖములయందలి పట్టణములును, వాని కంటియున్న ప్రదేశముల రాబడియు కంపెనీకి చెందవలెను. కొల్లసొమ్ము చెరిసగము. సేన వ్యయమునకు రాజు నెలకు 50,000 రూపాయలును, సైన్యాధికారులకు వేరుగా 6,000 రూపాయలును ఈయవలెను. ఉభయుల సమ్మతి లేక జయించిన ప్రదేశములనుగూర్చి ఇతరులతో సంధి చేయరాదు.

1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఫ్రెంచి సేనాని కాన్ఫ్లాన్సు ఓడెను. రాజమహేంద్రవరము గెలుపొందినవారి వశమయ్యెను. ఫోర్డు గోదావరిని దాటెను గాని, రాజునొద్దనుండి సొమ్ము రాకపోవుటచే మరల వెనుకకు దాటెను. ఈ జాగునుబట్టి ఆనందరాజును లోభియనియు చపలుడనియు ఆంగ్ల చరిత్రకారులు నిందించిరి. మా కట్లు తోచదు. భూస్వామికి సొమ్ము పంటనుండి రావలెను. రాజమహేంద్రవరము చేజిక్కిన నాటికి క్రొత్తసీమల శిస్తు ఇంకను చేతికి రాలేదు. పిమ్మట విశాఖపట్టణపు కంపెనీ యధికారి యాండ్రూసు నడుమ నిలిచి క్రొత్త ఒడంబడిక కుదిర్చెను. దానిప్రకారము రాజిచ్చు సొమ్ము అప్పుగా నెంచబడెను. గోదావరికి దక్షిణమున జయించు సీమల రాబడి, ఫ్రెంచివారికే చెందినవి తప్ప, ఉభయులకును సమభాగము. అనగా మొదట రాజునకే పూర్తిగా చెందవలసిన శిస్తు, రెండు నెలలలోనే, సగమునకు తగ్గినది.

1759 ఏప్రిలు 8న మచిలీపట్టణపు కోట ఫోర్డునకు లోబడెను. మే 14న సలాబతుజంగు కంపెనీతో సంధి చేసికొనెను. మచిలీపట్టణము, నిజాముపట్టణము కంపెనీకి ఇనాముగా లభించెను. ఆనందరాజు ప్రసక్తియు నందు కలదు: ఆ యేట అతడు వసూలు చేసికొన్న సొమ్మునకు లెక్క అడుగరాదనియు, ఇకమీద ఫ్రెంచివారికి పూర్వము తన పెద్దలు చెల్లించినట్లే కప్పము చెల్లింపవలెననియు. యుద్ధమునకు పిలిచినవాడు, వ్యయమును తలపై వేసికొన్నవాడు, సంధిలో సంతకము చేయువాడు గాక, ఇతరుల సంధిలో నొక షరతుగా మిగిలెను.

ఆ కాలపు ఆంగ్లదేశ భూస్వాములను పోల్చిచూచిన ఈ విషయము స్పష్టపడును. నార్ఫోకు మండలపు భూస్వామియగు రాబర్టు వాల్పోలు (1676-1745) 1721 మొదలు 1742 వరకు ప్రభుత్వము నడపెను. అచటి భూమిపన్నును నిర్ణయించు కామన్సు సభయందు భూస్వాములే కూర్చుండెడివారు. ఆనందరాజున కట్టి సభ లేదు. రాజమహేంద్రవరమున నెవరుందురో వారే అతని కప్పమును నిర్ణయింతురు. కావున అతనికి రాజకీయమనగా సేనతోడి బేరమే.

ఆంగ్లేయులను పిలిచినందుకు ఇతనిని దేశద్రోహి యనుట పరిపాటి. నేటి దేశభావమును 1758నాటి జమీందారున కంటగట్టుట న్యాయము కాదు. అతడు ఒక పరదేశీయుని తొలగించుటకు మరియొకని పిలిచెను. అయినను అతని దోషము లేకపోలేదు. అతడు భూమిని చూచెను, నదీముఖములను విడిచెను. సేనలు, మందుగుండు, సొమ్ము ఓడలపై వచ్చు కాలమున రేవులు గలవాడే తుదకు పొలములకును యజమాను డగునని అతడు గ్రహింపలేదు.

1760 ప్రాంతమున ఆనందరాజు మరణించెను. బాలుడగు విజయరామరాజు దత్తుడై సంస్థానమునకు వచ్చెను. 1765లో మొగలు పాదుషా ఫర్మానాచేతను, 1766లో నిజాముతోడి సంధిచేతను సర్కారులు కంపెనీకి సంక్రమించెను. కప్పపు బకాయిల వివాదము ముదిరి, 1794 జూలై 10న పద్మనాభమువద్ద ఆ విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగెను. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయము జరిగెను. పద్మనాభ యుద్ధమును వీరగాథగా మాత్రమే చదువువారు, దానికి 36 ఏండ్లకు పూర్వపు ఒడంబడికలో నదీముఖములనుగూర్చిన ఆ యొక్క వాక్యమునుకూడ చదువవలెనని పరిశోధకులకు మా విన్నపము.