సబ్రీనా చట్టం: ఫ్రెంచ్ ఫ్రైస్, ఒక పట్టకారు, లాకర్‌లో ఉండిపోయిన పెన్

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక స్కూల్ క్యాంటీన్ ఉంది. అక్కడ జరిగినదాని వల్ల ఒక చట్టం వచ్చింది.

2003 సెప్టెంబర్, కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్. సబ్రీనా షానన్‌కి 13 ఏళ్లు. హైస్కూల్లో మొదటి నెల. పల్లీలు, పాలు, సోయా ఆ అమ్మాయికి పడవు. మనింట్లో "నాకు వంకాయ పడదండీ, దురదలొస్తాయి" అంటారు చూడండి, ఆ టైపు కాదు. ఊపిరి ఆగిపోయే టైపు. అలాగని అజాగ్రత్త పిల్ల అస్సలు కాదు. తన అలర్జీ గురించి సీబీసీ రేడియోకి తనే ఒక డాక్యుమెంటరీ చేసింది! క్యాంటీన్‌లో ఫ్రైస్ కొనే ముందు ఏ నూనెలో వేయిస్తారో కూడా కనుక్కుంది.

మరి తేడా ఎక్కడ కొట్టింది? అక్కడ పూటీన్ అని ఒక ఐటమ్ ఉంటుంది. ఫ్రైస్ మీద చీజ్ ముక్కలు వేసి, వేడి గ్రేవీ పోసి ఇస్తారు. ఆ చీజ్ అంటిన పట్టకారుతోనే సబ్రీనాకి ఫ్రైస్ తీసి పెట్టి ఉంటారని తర్వాత అనుమానించారు. పట్టకారుకి అంటుకున్న పాల పదార్థం. అంతే!

ఆయాసం మొదలైంది. తనకి ఆస్తమా కూడా ఉంది కాబట్టి అదే అనుకుంది. ఆఫీస్ రూమ్ దాకా నడిచి వెళ్లింది. అడ్రినలిన్ పెన్ ఏమో లాకర్‌లో ఉంది. టీచర్ పరిగెత్తి తెచ్చేలోపు పరిస్థితి చేయి దాటిపోయింది. మర్నాడు చనిపోయింది.

ఇక్కడ ఒక్కసారి వెనక్కి వెళ్దాం. ఈ జబ్బు కొత్తదా? కాదు. ఫ్రాన్స్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు సముద్ర జీవుల విషం మీద పనిచేశారు. కుక్కకి కొంచెం కొంచెం ఇస్తే విషాన్ని తట్టుకునే శక్తి వస్తుందనుకున్నారు. జరిగింది రివర్స్. మొదటి డోసుకి బాగానే ఉన్న నెప్ట్యూన్ అనే కుక్క, కొన్ని వారాల తర్వాత ఇచ్చిన డోసుకి అరగంట గడవకముందే చచ్చిపోయింది. 1902లో దీనికి 'అనాఫిలాక్సిస్' అని పేరు పెట్టారు. రిషేకి 1913లో నోబెల్ వచ్చింది. అడ్రినలిన్‌ని జపాన్ శాస్త్రవేత్త జోకిచి తకమినె అప్పటికే, 1901లోనే, విడదీశారు. విషవాయువు దాడుల్లో సైనికులు తమకు తామే మందు పొడుచుకోవడానికి తయారైన ఆటో ఇంజెక్టర్ నుంచే ఎపిపెన్ పుట్టింది. 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది.

అంటే 2003 నాటికి జబ్బు తెలుసు, మందు ఉంది, పెన్ ఉంది. బడిలో పద్ధతే లేదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే కోడ్ రెడీ, డిప్లాయ్ చేసినవాడే లేడు.

ఇదేదో ముందే తెలియని విషయమా అంటే, అదీ కాదు. 1992లో హ్యూ శాంప్సన్ అనే డాక్టర్ టీమ్ ఒక పేపర్ రాసింది. తిండి అలర్జీతో 6 మంది పిల్లలు చనిపోయారు, 7 మంది చావు అంచు దాకా వెళ్లి బతికారు. చనిపోయిన 6 మందిలో మొదటి గంటలో అడ్రినలిన్ అందింది ఇద్దరికే. బతికిన 7 మందిలో 6 మందికి అరగంటలోపే అందింది. నాకైతే ఈ పేపర్ వచ్చాక కూడా 11 ఏళ్లు ఆగడం మింగుడు పడదు.

సబ్రీనా వాళ్లమ్మ ఊరుకోలేదు. డేవ్ లెవాక్ అనే ఎమ్మెల్యే లాంటి ఆయన (అక్కడ ఎంపీపీ అంటారు, మన మండలాధ్యక్షుడు కాదు) బిల్లు పెట్టారు. 2005లో పాసైంది, 2006 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పేరు సబ్రీనా చట్టం. ప్రతి స్కూల్ బోర్డుకి అలర్జీ పాలసీ ఉండాలి. స్టాఫ్‌కి ట్రైనింగ్ ఉండాలి. అలర్జీ ఉన్న ఒక్కో పిల్లకి ఒక్కో ప్లాన్ రాసి ఉండాలి. నాకు అన్నిటికన్నా తెలివైనదిగా అనిపించింది ఇంకొకటి: ఆ పిల్లకి అనాఫిలాక్సిస్ వచ్చిందని నమ్మే కారణం ఉంటే, ముందస్తు అనుమతి లేకపోయినా స్టాఫ్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో చేసినవాళ్ల మీద కేసు పడకుండా రక్షణ ఉంది. ఎందుకంటే చాలాసార్లు టీచర్‌ని ఆపేది అజ్ఞానం కాదండీ, "ఏమైనా అయితే నా మీదకొస్తుంది" అనే భయం.

టొరంటో వైపు ఉన్న మన తెలుగువాళ్లు పిల్లాడి బర్త్‌డేకి పల్లీ చిక్కీ పంపిస్తామంటే స్కూల్ వాళ్లు వద్దంటారు. ఫీలవకండి, దాని వెనక ఇలాంటి కథలున్నాయి.

మన దగ్గర? ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ పెడుతున్నారు. పిల్లలకి బలం, ఆపమని నేను అస్సలు అనను. కానీ ఆ రెండూ అలర్జీ లిస్టులో ఉన్నవే. ఇక్కడ పెన్ దొరకడం కష్టం, అడ్రినలిన్ ఎక్కువగా ఆంపూల్‌లోనే ఉంటుంది, సిరంజితో ఎక్కించాలి. కాబట్టి పిల్లకి అలర్జీ అని తెలిస్తే డాక్టర్ దగ్గర రాతపూర్వకంగా ప్లాన్ తీసుకుని, స్కూల్‌కి ఒక కాపీ ఇవ్వండి. తిన్న కాసేపటికి దద్దుర్లతో పాటు ఆయాసమో వాంతులో వస్తే ఇన్హేలర్‌తో, దురద మాత్రతో సరిపెట్టొద్దు. డాక్టర్ రాసిచ్చిన అడ్రినలిన్ తొడ బయటి వైపు కండకి, వెంటనే 108కి ఫోన్. పిల్లని నడిపించకూడదు, పడుకోబెట్టాలి. ఊపిరి ఆడట్లేదంటే కూర్చోబెట్టాలి.

పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగాక ఇవి కూడా అడగండి: మా పాప మందు ఏ సొరుగులో ఉంది? దానికి తాళం వేస్తారా? ఆ రోజు మేడమ్ సెలవు పెడితే ఇంకెవరికి తెలుసు?