మృగరాజు సినిమా వెనకున్న అసలు కథ

2001 సంక్రాంతికి నరసింహనాయుడు, మృగరాజు పోటీగా వచ్చాయి, గుర్తుందా? మొదటిది విరగాడింది, రెండోది ఆడలేదు. అయినా మృగరాజు టీవీలో వస్తే మా ఇంట్లో పిల్లలు కదలరు. అడవిలో రైలు వంతెన కట్టే కూలీలను సింహం ఎత్తుకుపోతుంటే చిరంజీవి తుపాకీ పట్టి దాని వెంటపడతాడు కదా, అదీ వాళ్ళ సరదా.

మా మాడుగుల వాళ్ళం పాడేరు కొండల్లో పులి, చిరుత అంటే నమ్ముతాం. సింహం ఎక్కడిది? మన దేశంలో అడవి సింహాలున్నది గుజరాత్‌లోనే. ఆ సింహం నిజానికి ఆఫ్రికాది. 1996లో వచ్చిన 'ది ఘోస్ట్ అండ్ ది డార్క్‌నెస్' అనే ఇంగ్లీషు సినిమా కథకు దగ్గరి కథ ఇది. ఆ ఇంగ్లీషు సినిమా 1898లో కెన్యాలోని సావో దగ్గర జరిగినదాని మీద తీసింది.

తెల్లవాళ్ళు మొంబాసా నుంచి రైలు మార్గం వేస్తున్నారు. పని చేసింది మాత్రం మన దేశం నుంచి, ఎక్కువగా పంజాబు నుంచి, ఓడలెక్కించి తీసుకెళ్ళిన కూలీలు. జూలు లేని రెండు మగ సింహాలు రాత్రిపూట గుడారాల్లోంచి మనుషుల్ని లాక్కుపోయేవి. చుట్టూ ముళ్ళకంచె వేసినా దూరేవి. డిసెంబరు 1న కూలీలు ఇక వల్ల కాదని వెళ్ళే రైలు ముందు పట్టాల మీద పడుకుని ఆపారు. మూటాముల్లెతో ఎక్కి వెళ్ళిపోయారు. మూడు వారాలు పని ఆగిపోయింది. నాకైతే సింహం వేట కన్నా ఇదే గొప్ప సీను.

ఇంజనీరు ప్యాటర్సన్ ఆ నెలలోనే రెండింటినీ చంపాడు. చచ్చినవాళ్ళు ఎందరు? 28 మంది భారతీయ కూలీలని ఆయనే 1907 పుస్తకంలో రాశాడు, ఆఫ్రికా వాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదట. తర్వాత 135 అన్నాడు. 2009లో సింహాల ఎముకలు, వెంట్రుకలు పరీక్షించినవాళ్ళు సుమారు 35 అన్నారు. ఆ తోళ్ళు పాతికేళ్ళు ఆయన ఇంట్లో తివాచీలుగా పరిచి ఉన్నాయి! (దులపడం ఎవరి పనో మరి.) 1924లో షికాగో ఫీల్డ్ మ్యూజియం 5,000 డాలర్లకు కొంది.

ఇంతకీ ఆ రైలు పనికి వెళ్ళినవాళ్ళు సుమారు 32 వేలమంది. అందులో చనిపోయినవాళ్ళు దాదాపు రెండున్నర వేలు. సింహాలు తిన్నది ఎంతని? మిగతా వాళ్ళను తిన్నవి జ్వరాలు, విరేచనాలు, పనిలో ప్రమాదాలు. జ్వరం మీద ఎవరూ సినిమా తీయరు. మన ఉత్తరాంధ్రలో కూడా కూలికి రంగం వెళ్ళి తిరిగిరాని మగవాళ్ళు ఎందరో. ఏ జబ్బుతో పోయారో కబురైనా అందని ఇల్లాళ్ళు ఇక్కడ ఉండిపోయారు.

సింహాలు పోయాక కూలీలు మళ్ళీ పనికి వచ్చారు. 1899 జనవరి 30న అందరూ కలిసి ప్యాటర్సన్‌కు ఒక వెండి గిన్నె ఇచ్చారు, తమ ప్రాణాలు కాపాడినందుకని దాని మీద రాయించి. వారం తిరిగేసరికి వంతెన పూర్తయింది.