బొబ్బిలికోట కథ: పాటలో, పుస్తకములో, పండుగలో

విశాఖ, విజయనగర, శ్రీకాకుళ మండలములలో పుట్టి పెరిగినవానికి బొబ్బిలి యుద్ధమును గూర్చి వేరొకరు చెప్పనక్కరలేదు. బడిలో చరిత్ర పుస్తకము చేతికి రాకముందే, ఇంటిలో అవ్వ చెప్పిన కథగానో, రచ్చబండకడ తంబుర మీటుచు కథకుడు ఎత్తుకొనిన పాటగానో ఆ యుద్ధము వాని చెవిని బడియే యుండును. రంగారాయని పేరు తలచినంతనే గర్వమును, తాండ్ర పాపారాయని పేరు విన్నంతనే పులకరమును, పూసపాటి విజయరామరాజు పేరు వచ్చినంతనే కనుబొమల ముడియును వానికి మాతృభాషతోపాటు అలవడియుండును. ఇన్ని తరములు గడచినను చల్లారని ఈ పక్షపాతము మనకు ఎవరి చేతులమీదుగా అందినదో విచారింపదగియున్నది.

జరిగినది స్థూలముగా ఇది. తన గద్దెకు అండగా నిలిచిన ఫ్రెంచి దండు జీతబత్తెముల నిమిత్తమై నిజాము సలాబతుజంగు 1753లో ఉత్తర సర్కారుల రాబడిని ఫ్రెంచివారికి వ్రాసియిచ్చెను. ఆ రాబడిని చక్కబెట్టుకొనుటకై ఫ్రెంచి సేనాని బుస్సీ దొర సైన్యముతో ఈ సీమకు వచ్చినప్పుడు, విజయనగరాధిపతి విజయరామరాజు అతని మైత్రిని సంపాదించెను; బొబ్బిలి వెలమదొర రంగారావు సంపాదింపలేదు, సంపాదింపవలెనని తహతహలాడినట్లును కానరాదు. ఆ సైన్యమే బొబ్బిలికోటను చుట్టుముట్టి 1757 జనవరి 24వ తేదీన ఫిరంగులతో బురుజులను పగులగొట్టినది. కోట నిలువదని తేలిన పిమ్మట లోనివారు తమ స్త్రీలను, బిడ్డలను పరుల చేతఁ బడనీయక తామే చంపి, ఇండ్లకు నిప్పు పెట్టి, తుదివరకు పోరి నేలకొరిగిరి. కొన్ని దినములలోనే విజయరామరాజు తన గుడారములో కత్తిపోట్లకు గురియై మరణించెను. ఇంతవరకు అందరును ఒప్పుకొందురు. ఇక్కడినుండియే దారులు చీలును.

రాబర్టు ఓర్ము అను ఇంగ్లీషువాడు ఆ దినములలో చెన్నపట్టణమున కుంపిణీ కౌన్సిలు సభ్యుడు. హిందూదేశమున తనవారు నడపిన యుద్ధములను గూర్చి అతడు వ్రాసిన గ్రంథపు రెండవ సంపుటము 1778లో వెలువడినది; బొబ్బిలి వృత్తాంతము అందున్నది. ఆ పోరును అతడు కన్నులార చూచినవాడు కాడు. ఫ్రెంచివారు తన జాతికి శత్రువులగుటచే వారిని కీర్తింపవలసిన పనియు అతనికి లేదు. రంగారావు అతనికి చుట్టమును కాడు, పక్కమును కాడు. ఆ దూరమువలననే కాబోలు, మన పాటలలో కొట్టవచ్చినట్లు కానరాని ఒక సంగతిని అతడు పట్టుకొనినాడు. రెండు సంస్థానముల కక్షకు కారణములు చెప్పుచు, ఇరువురి పొలములకును పారుచుండిన ఏరుల నీటిని బొబ్బిలివారు మళ్లించుకొనుచుండుటను అతడు పేర్కొనినాడు.

ఈ మాట దగ్గర కొంతసేపు నిలువవలెనని నాకు తోచును. వేగవతి, సువర్ణముఖి వంటి ఏరులును, కొండలనుండి దిగు లెక్కలేని గెడ్డలును ఆ సీమకు ప్రాణము. వాన పడినప్పుడు గెడ్డ పొంగును. వాన నిలిచినంతనే తగ్గిపోవును. ఆ నడిమి కొద్ది దినములలో పైవాడు గెడ్డకు అడ్డుకట్ట వేసి మదుము తనవైపు తెరచుకొనెనా, క్రిందివాని మడిలో వరి పాలుపోసుకొనకముందే ఎండిపోవును. కట్ట తెగగొట్టుటకు రాత్రివేళ పలుగు, పారలతో వెళ్లినవాడును, ఆ కట్టకు కావలి పండుకొనినవాడును రాజులు కారు, ఇద్దరును కాపులే. తమ మడి తడియవలెనన్న ఆశ తప్ప వారిరువురికిని వేరు పగ యుండదు. అట్టి పేరులేని తగవులు ఏండ్ల తరబడి పేరుకొనియే, ఒకనాడు దొరల పౌరుషముగా రూపెత్తినవని ఊహించినచో తప్పు కాదు. పాటలో పౌరుషము మిగిలినది, నీరు ఇంకిపోయినది. శ్రోత రంగారాయని మీసమును చూడగోరును గాని మదుము తలుపును చూడగోరడు కదా!

అటులని ఓర్ము వ్రాతయే సత్యము, పాట కల్పన యని తీర్పు చెప్పువారితో నేను ఏకీభవింపను. విజయరామరాజు వధనే చూడుడు. ఓర్ము వ్రాసినది ఇట్లు: రంగారాయడు పడిపోగా చూచిన నలుగురు భటులు కోటలో ఒక మూల దాగి, చీకటిలో గోడ దిగి, విజయనగరపు దండువారి భాషయే తమ భాషయు అగుటచే ఎవరికిని అనుమానము తోపక శిబిరమును దాటిపోయిరి, మూడవనాటి రాత్రి వారిలో ఇద్దరు గుడారములో దూరి రాజును పొడిచి, తామును అక్కడనే ప్రాణములు విడిచిరి. ఆ నలుగురికి పేరు లేదు. ఉండియుండును; చెన్నపట్టణమున కాగితమునెదుట కూర్చుండినవానికి అది అక్కరకు రాలేదు. పెద్దాడ మల్లేశము పేరిట మనకు దక్కిన గాథలోను, దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రములోను, ఊరూర కథకులు చెప్పుకొనిన వందల కథలలోను ఆ పని చేసినవాడు తాండ్ర పాపారాయడు. రంగారాయని రాణి మల్లమ్మకు తోడబుట్టినవాడు. రాజాములో నుండి, వర్తమానము ఆలస్యముగా అంది, పరుగున వచ్చి, బూడిదయైన కోటను చూచినవాడు. తోబుట్టువును కాపాడుకొనలేకపోయినవాని దుఃఖము ఆ వధలో కలిసినప్పుడుగాని పాట వినువానికి అది న్యాయముగా తోపదు. పేరులేని నలుగురి సాహసమును మరపునకు వదలుటకు ఒల్లని జనము దానినంతయు ఒక్క పేరున నిలిపెనేమో. లేక పాపారాయడు నిజముగా వచ్చియే యుండగా, శిబిరములోనివారికి అతడెవ్వడో తెలియకపోయెనేమో. ఏది యైనను, ఆ రాత్రి గుడారములో దూరినవానికి ఇల్లును, చెల్లెలును ఉన్నవని జ్ఞాపకముంచుకొనినది పాటయే. 1964లో ఈ కథ చలనచిత్రమై వచ్చి, రామారావు రంగారాయడుగాను, ఎస్వీ రంగారావు పాపారాయడుగాను తెరపై నిలిచినప్పుడును ప్రేక్షకులు పాట పక్షముననే కూర్చుండిరి.

ఇక విజయనగరము. గెలిచినవారి ఊరు ఆ గెలుపును ఏ తీరున తలచుకొనుచున్నదో చూడగోరువారు విజయదశమి వెళ్లిన మంగళవారమునాడు అక్కడికి పోవలెను. ఆనాడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము. అమ్మవారు విజయరామరాజునకు స్వయాన సోదరి యనియు, బొబ్బిలిపై దండు వెడలు దినములలో ఆమె మశూచికముతో మంచమున నుండెననియు, అన్నకు కీడు మూడినదని తెలిసి తాళలేక దేహము చాలించి, పెద్దచెరువులో విగ్రహమై వెలసెననియు అక్కడివారు చెప్పుకొందురు. నిడుపాటి చింతమాను కొనకు పీట కట్టి, పూజారిని దానిపై కూర్చుండబెట్టి, గుడినుండి కోటకును, కోటనుండి గుడికిని మూడు మారులు ఊరేగింతురు. ముందు పాలధార, తెల్లయేనుగు, అంజలిరథము, బెస్తవారి వల నడచును. మాను వంగి వంగి లేచుచుండగా, క్రిందినుండి జనము అరటిపండ్లు విసరి మ్రొక్కుదురు. అంతటి సందడిలో ఎచ్చటను జయఘోష లేదు. ఫిరంగుల కథ లేదు, బుస్సీ లేడు. బొబ్బిలి గాథలో మల్లమ్మ తన అన్నకై ఎదురుచూచినట్లే ఇక్కడ మరియొక ఆడుపడుచు తన అన్నకై ప్రాణము విడిచినది. ఒకరు పాటలో నిలిచిరి, ఒకరు గుడిలో నిలిచిరి. రెండూళ్లును తమతమ ఆడుపడుచుల కన్నీటిని దాచుకొనినవే గాని, ఒకరి కన్నీటిని మరియొకరు ఎన్నడును తుడిచినవారు కారు.

ఆ కోటలో తమ వారి చేతనే హతులైన స్త్రీలు, బిడ్డల మాట మాత్రము ఏ కథలోను చాలినంత లేదు. దానిని త్యాగమని మనము సులభముగా అనుచున్నాము. వారిని ఎవరైనను అడిగిరా? ఓర్ము చెప్పినదానిలో ఒక్క బిడ్డ బ్రదికినాడు. ఒక ముసలివాడు పసివానిని వెంటబెట్టుకొని ఫ్రెంచి సేనాని లా దొర యెదుటికి వచ్చి, ఇతడు రంగారాయని కొడుకనియు, తండ్రి ఆజ్ఞను దాటి తాను కాపాడితిననియు చెప్పి అప్పగించినాడట. ఆ ముసలివానికిని పేరు లేదు. ఆజ్ఞ మీరిన ఆ ఒక్కని వలననే బొబ్బిలి వంశము నిలిచినది. అతనికి పద్యము వ్రాయుట కవులకు తోచియుండవలసినది.

ఆ బిడ్డయే చిన్నరంగారావు. అతనికి బొబ్బిలి తిరిగి దక్కిన కథ విజయనగరపు పతనముతో ముడిపడియున్నది. పేష్కసు (కప్పము) బకాయిల కొరకు కుంపిణీవారు అప్పటి విజయనగరాధిపతి చిన్న విజయరామరాజును మచిలీపట్టణము పొమ్మని ఆజ్ఞాపింపగా, అతడు పోనొల్లక, 1794 జూలై 10వ తేదీన పద్మనాభమువద్ద కర్నలు ప్రెండర్‌గాస్టు సైన్యమునకు ఎదురు నిలిచి, తనవారితోకూడ యుద్ధభూమిలో కూలెను. ఆ యేడే కుంపిణీ బొబ్బిలిని చిన్నరంగారావునకు ఇచ్చినది. ముప్పదియేడేండ్లలో స్థానములు తారుమారైనవి: పరదేశి సైన్యమునకు తలయొగ్గక నశించిన రాజు ఇప్పుడు విజయనగరమువాడు. అయినను బొబ్బిలి పాటవలె తెలుగుదేశమంతట మారుమ్రోగిన పాట పద్మనాభమునకు లేదు. ఆ కొండక్రింది పల్లెలలో ముసలివారి నోట ఏమి మిగిలియున్నదో, విజయనగరపు ఇండ్లలో ఏ తీరున చెప్పుకొందురో, బొబ్బిలివారు దానిని ఏమందురో, మూడింటిని ఒక్కచోట వ్రాసి యుంచు పనికి ఎవరైనను పూనుకొనవలెను. చెప్పువారు ఉన్నప్పుడే పూనుకొనవలెను.