చక్రం మనకెప్పుడూ రెట్టింపు ఖరీదే (పల్లె చరిత్ర – 17)



పోయిన వారం మా తమ్ముడు కర్లపాలెం నుంచి బాపట్ల పనికి పోతూ బండి జారి పడ్డాడు. వాడిది తాపీ పని. మోచెయ్యి చీరుకుపోయింది. నాలుగు రోజుల కూలి పోయింది. వెనక టైరు చూస్తే బోడిగుండులా ఉంది, ఒక పక్క దారాలు కూడా బయటపడ్డాయి.

"మార్పించొచ్చు కదరా" అన్నాను.

"రెండు వేల రెండొందలు చెప్పారన్నా. పోయినసారి పదిహేను వందలకే వేయించా. ఇంకో నెల లాగుదామనుకున్నా" అన్నాడు.

ఆ "ఇంకో నెల" వెనక చాలా పాత చరిత్ర ఉంది.

1901లో పదేళ్ల భీమ్‌రావు తోటి పిల్లలతో మసూర్ స్టేషన్‌లో దిగాడు. మహార్ పిల్లలని తెలిశాక ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడిచి వస్తాడు. 1929లో అదే మనిషి పెద్ద చదువులు చదివి, ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా చాలీస్‌గావ్ వెళ్లాడు. టాంగావాళ్లు తోలమన్నారు. బండి తోలడం రాని మనవాడొకడు పగ్గాలు పట్టుకున్నాడు. దారిలో కల్వర్టు మీద బాబాసాహెబ్ కింద పడి కాలు విరిగింది. ఇవన్నీ ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. చక్రం ఎక్కాలంటే మనం రెట్టింపు కట్టాలి, దెబ్బా మనకే తగలాలి!

ఆ చక్రానికి రబ్బరు తొడిగిన చేతులు ఎవరివి? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెల్లదొరలు మలయాలో రబ్బరు తోటలు వేశారు. తమిళులతో పాటు మన తెలుగు కూలీలను కూడా కంగాణీలు ఓడలెక్కించారు. వాళ్లలో దళితులు చాలామంది. తెల్లారకముందే చెట్టుకు గాటు పెట్టి పాలు పట్టిన ఆ కూలీలు ఎక్కడం సంగతి అటుంచి, కారు టైరు కొనగలరా? 1942 తర్వాత జపాన్ సైన్యం ఆ తోటల కూలీలనే సయాం–బర్మా రైలుమార్గం పనికి తోలుకుపోయింది. ఎంతోమంది తిరిగి రాలేదు.

ఇక్కడ పల్లెలో మా తాత తోలు కుట్టేవాడు. ఊళ్లోవాళ్లకు చెప్పులు ఆయనే కుట్టాలి, వాళ్ల వీధిలోకి మాత్రం ఆయన చెప్పులు చేతబట్టుకుని పోవాలి. తర్వాత పాత లారీ టైర్లు కోసి చెప్పులు చేయడం మొదలుపెట్టాడు. మా ఇంట్లోకి టైరు మొదట వచ్చింది చెప్పుగానే. బండి కిందకు రావడానికి ఇంకో రెండు తరాలు పట్టింది.

బండి మనకు షోకు కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపడానికి ముందు ఏం చేశారు? సాంఘిక బహిష్కరణ. పొలం పని ఇవ్వలేదు. ఊరి పొలం తప్ప వేరే దిక్కు లేనివాడి కడుపు మాడ్చడం తేలిక. పొద్దున్నే కిక్కు కొట్టి బాపట్ల, చీరాల, తెనాలి పోగలిగినవాడి మీద ఆ ఆయుధం అంతగా పనిచేయదు. తమ్ముడి బండి వాడి స్వేచ్ఛ. అందుకే అరిగిన టైరు రాజకీయ విషయం.

ఇక లెక్కలు చూడండి. రబ్బరు, ముడిచమురు ధరలు పెరిగాయని రేటు పెంచుతారు. అవి తగ్గితే మన షాపులో రేటు ఎప్పుడైనా తగ్గిందా? 2018లో కాంపిటీషన్ కమిషన్ ఐదు పెద్ద టైర్ల కంపెనీలూ వాటి సంఘమూ ధరల విషయంలో కుమ్మక్కయ్యాయని 1,788 కోట్లకు పైగా జరిమానా వేసింది. 2022 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఆ కేసును మళ్లీ పరిశీలించమని వెనక్కి పంపింది. ఆ కేసు లారీ, బస్సు టైర్లది. బైకు టైర్ల ధర గురించి అడిగిందెవరు?

2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బైకు టైరు మీద 28 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం చేశారు. అదే రోజు ట్రాక్టరు టైరుకు 5 శాతం చేశారు. రైతుకు తగ్గించినందుకు నాకు అభ్యంతరం లేదు. ట్రాక్టరు పనిముట్టు అయితే, తాపీ కూలి బండి పనిముట్టు కాదా? భూమి ఉన్నవాడి చక్రానికి 5, భూమి లేనివాడి చక్రానికి 18. మసూర్ స్టేషన్ కిరాయి ఇంకా నడుస్తూనే ఉంది!

విద్యార్థి మిత్రులారా, ఒక పని చేయండి. మీ పల్లెలో బండి మీద పనికి పోయేవాళ్లను అడిగి, టైరు ఎప్పుడు మార్చారో, ఎంతకు మార్చారో, మార్చలేక ఎవరు పడ్డారో రాయండి. మన లెక్కలు మనం రాసుకోకపోతే ఎవరూ రాయరు.

తమ్ముడికి నిన్న టైరు వేయించాం. సగం డబ్బు అప్పు తెచ్చాం.

వచ్చే భాగంలో తాత కుట్టిన చెప్పుల కథ.

జై భీమ్.